పున్నమి ముంగిట పడిన రాయి

1997 డిసెంబర్ 13, శనివారం రాత్రి. వరంగల్ పక్కన ఎనుమాముల మార్కెట్ యార్డులో, సిమెంటు ప్లాట్‌ఫారం మీద, పత్తి బస్తాకు వీపు ఆనించి కూర్చున్నారు మీరు. రేపు ఆదివారం, వేలం పాట లేదు. సోమవారం పొద్దున జెండా పాట అయ్యాక గానీ ఖరీదుదారు మీ బస్తాల దగ్గరికి రాడు. అప్పటిదాకా కాపలా మీదే. దుప్పటి చెవులదాకా లాక్కున్నా కింద సిమెంటు చల్లదనం నడుములోకి ఎక్కుతోంది. ఎక్కడో ఎడ్లు నెమరు వేస్తున్న చప్పుడు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా బీడీ పొగ, దాని వెనకే మిరప ఘాటు. మిర్చి సీజను ఇంకా మొదలవలేదు గానీ ఈ షెడ్లకు ఆ ఘాటు ఏడాది పొడవునా వదలదు.

ఈ ఏడు యార్డులో ఏ మాట ఎత్తినా చివరికి పురుగు దగ్గరికే వస్తోంది. లద్దెపురుగు చేలను ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, మందుల కోసం చేసిన అప్పు మాత్రం నిలిచింది. వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయిన సీజను ఇది.

నిద్ర రాదు, తల పైకెత్తుతారు. మార్గశిర పున్నమి ఘడియలు తెల్లవారాక ముగుస్తాయి. చంద్రుడు ఇప్పటికే నిండుగా, గొల్లకావడికి పైన నిలబడి ఉన్నాడు. ఆ వెలుగులో చిన్న చుక్కలన్నీ కలిసిపోయాయి. తూర్పున మిథున రాశి లేచి చాలాసేపయింది. అటువైపు నుంచి ఒక తెల్లటి గీత సర్రున జారి, సగం ఆకాశం దాటకముందే ఆరిపోయింది.

"కాకా, సుక్క రాలింది. సూసినవా?" పక్క బస్తాల మీంచి ఒక కుర్రాడి గొంతు.

"సూడకు బిడ్డా. మంచిది గాదు." పెద్దాయన ముఖం అటు తిప్పుకున్నాడు.

చుక్క రాలితే ఎక్కడో ఎవరో పోయినట్టని ఆయన నమ్మకం. వేరే ఏడాదైతే కుర్రాడు నవ్వేసేవాడేమో. ఈ ఏడు నవ్వలేదు.

ఇక్కడికి ఆగ్నేయంగా, పక్షి దారిన దాదాపు 170 కిలోమీటర్ల దూరంలో అప్పటి కృష్ణా జిల్లా విస్సన్నపేట ఉంది. నూజివీడు, తిరువూరు మామిడి తోటల నేల. ఈ తేదీ మీదే అక్కడ ఆకాశం నుంచి ఒక రాయి పడింది. ఒక్కటే రాయి, బరువు కిలో 300 గ్రాముల చిల్లర. ఈ యార్డు కాంటా దాన్ని లెక్కపెట్టదు, క్వింటాలుకు తరుగు కింద తీసేసేంత బరువది. కానీ తెలుగు నేల మీద పడినట్టు రికార్డుకెక్కిన ఉల్కాశిలల్లో ఇంత దూరం, ఇంత విచిత్రమైన దారిలో వచ్చినది మరొకటి లేదని నా అభిప్రాయం.

తేదీ చూసి ఒక పొరపాటు పడే వీలుంది. డిసెంబర్ 13, 14 రాత్రులు జెమినిడ్ ఉల్కాపాతానికి పతాక ఘట్టం. కుర్రాడు చూసిన గీత బహుశా ఆ బాపతే. ఫేథాన్ అనే చిన్న గ్రహశకలం తన దారిలో వదిలిన రేణువులకు భూమి ఏటా ఇదే తేదీల్లో ఎదురెళ్తుంది. అవి సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో గాలిని గుద్దుకుని, నేలకు ఎన్నో పదుల కిలోమీటర్ల ఎత్తులోనే బూడిదవుతాయి. చీకటి రాత్రి, ఊరికి దూరంగా ఉంటే గంటకు వంద దాకా కనిపిస్తాయి. ఆ ఏడాది పున్నమి వాటిని మింగేసింది. రాలిన చుక్కలుగా మనం చూసేవాటిలో నూటికి తొంభై తొమ్మిది ఇలాంటివే, నేలకు ఏమీ చేరదు. విస్సన్నపేట రాయికీ ఈ వానకూ చుట్టరికం లేదు. తేదీ ఒక్కటే కలిసింది.

ఆ రాయి సంగతి తెలియాలంటే యార్డు వదిలి నాతో పైకి రావాలి. ఎంత పైకో అంత వెనక్కి కూడా.

450 కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాం. అంగారకుడికీ గురుడికీ నడుమ, 525 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న వెస్టా మీద నిలబడ్డారు మీరు. బరువే లేనట్టుంది. భూమి మీద 60 కిలోలు తూగే మనిషి ఇక్కడ కిలోన్నరకు అటూ ఇటూ తూగుతాడు. నెత్తిన సూర్యుడు చిన్నబోయి ఉన్నాడు. కాళ్ల కింద మాత్రం రాయి కరిగి పారుతోంది. ఇంత చిన్న ప్రపంచానికి లావా ఎలా వచ్చింది? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం తిప్పలు పెట్టింది. లోపల రాళ్లలో కలిసిపోయిన అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థమే ఆ పొయ్యికి కట్టె అని ఊహించారు. ఏడు లక్షల ఏళ్లకోసారి సగానికి సగం తరిగిపోతుందది. కనుక ఆ తొలినాళ్ల సరుకు ఇవాళ ఎక్కడా మిగలదు, దాని జాడ మాత్రమే దొరకాలి.

ఆ జాడ దొరికింది మన దేశంలోనే. విస్సన్నపేట రాయికి ఏడాదిన్నర ముందు, 1996 జూన్ 20న, రాజస్థాన్‌లోని పిప్లియా కలాన్‌లో అదే జాతి రాయి పడింది. 42 కిలోలు. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో గోపాలన్ శ్రీనివాసన్, జితేంద్రనాథ్ గోస్వామి, నరేంద్ర భండారి ఆ రాయిలో అల్యూమినియం-26 ఒకప్పుడు బతికి ఉండేదన్న ఆనవాలు పట్టుకున్నారు. 1999లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఆ గోస్వామే తర్వాత చంద్రయాన్-1కు ముఖ్య శాస్త్రవేత్త అయ్యారు.

వెస్టా మీద లావా చల్లబడుతోంది. అందులోంచి రెండు ఖనిజాలు గింజకడుతున్నాయి. గోధుమరంగు తిరిగిన పైరాక్సీన్ ఒకటి, తెల్లటి ప్లాజియోక్లేజ్ రెండోది. హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు నున్నగా మెరుగుపెట్టిన నల్లరాతి నంది ఉంది కదా, ఆ జాతి నల్లరాళ్లలోనూ ప్రధానంగా ఉండేవి ఈ రెండు ఖనిజాలే. ఒక చేయి నంది వీపు మీద పెట్టి, ఇంకో చేత్తో వెస్టా నేలను తాకగలిగితే మీ వేళ్లకు పెద్ద తేడా తెలియదు. తేడా వయసులో ఉంది. వెస్టా రాయి గడ్డకట్టేనాటికి భూమే ఇంకా పూర్తిగా తయారుకాలేదు. ఈ జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు యూక్రైట్.

తర్వాత చాలాకాలం ఏమీ జరగదు. నిజంగానే ఏమీ జరగదు. గాలి లేదు, వాన లేదు, రాయిని తినే వేరు లేదు. అప్పుడప్పుడూ చిన్నాపెద్దా రాళ్లు వచ్చి గుద్దుతుంటాయి, అంతే.

సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం అలాంటి దెబ్బల్లోకెల్లా పెద్దది తగిలింది. వెస్టా దక్షిణ ధ్రువం దగ్గర 500 కిలోమీటర్ల వెడల్పున గొయ్యి పడింది. దాదాపు ఆ ప్రపంచమంత వెడల్పు! ఇప్పుడు దాని పేరు రియాసిల్వియా. నాసా పంపిన డాన్ నౌక 2011 జూలై నుంచి 2012 సెప్టెంబర్ దాకా వెస్టా చుట్టూ తిరిగి దాన్ని దగ్గరగా ఫొటోలు తీసింది. గొయ్యి నడుమ లేచిన దిబ్బ ఎవరెస్ట్ కంటే రెండింతలు ఎత్తు. దెబ్బకు ఎగిరిన తునకలు వెస్టా వెంటే మందగా తిరుగుతున్నాయి. ఆ మందలోంచి కొన్ని మెల్లగా పక్కకు జరిగి, గురుడి లాగుడు గట్టిగా పనిచేసే ఒక సందులో పడతాయి. అక్కడ పడిన రాయి దారి సాగిపోయి, సాగిపోయి, ఒకనాటికి భూమి దారిని అడ్డంగా కోస్తుంది. ఇది జరగడానికి కోట్ల ఏళ్లు పడుతుంది.

ఇదంతా కట్టుకథ కాదనడానికి సాక్ష్యం ఏమిటంటే, వెలుగు. 1970లో టామ్ మెక్‌కార్డ్ బృందం వెస్టా మీంచి తిరిగొచ్చే సూర్యకాంతిని విడగొట్టి చూస్తే, ఏ రంగు ఎంత తగ్గిందన్న లెక్క ల్యాబులోని యూక్రైట్ రాళ్లతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. 1993లో రిచర్డ్ బింజెల్, షూయ్ షూ ఆ తునకల మందను కూడా చూపించారు. చివరికి డాన్ దగ్గరికే వెళ్లి ఖాయం చేసింది. చంద్రుణ్నీ అంగారకుణ్నీ పక్కనపెడితే, ఉల్కాశిల చేతికి ఇచ్చి "ఇది ఫలానా చోటిది" అని ఇంత ధీమాగా చెప్పగలిగిన సందర్భాలు తక్కువ.

మళ్లీ 1997కు వద్దాం. రాయి వస్తోంది, మీరు దాని పక్కనే ఉన్నారు.

భూమికి వంద కిలోమీటర్ల ఎత్తు. సెకనుకు పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ వేగం. ఎనుమాముల నుంచి విస్సన్నపేట దూరం దాటడానికి పన్నెండు సెకన్లు చాలు. చుట్టూ నిశ్శబ్దం. ఉన్నట్టుండి ముందున్న పలచటి గాలి పక్కకు తప్పుకునే వ్యవధి లేక నలిగి, కాగి, వెలగడం మొదలుపెడుతుంది. రాయి ఒరుసుకుని మండుతోందని అనుకుంటాం గానీ, ఎక్కువ వెలుగు ఈ నలిగిన గాలిదే. రాయి పైపొర కరుగుతుంది, కరిగింది కరిగినట్టు వెనక్కి చిమ్ముకుపోతుంది. ఎంత కరిగితే అంత వేడి దాంతోపాటే వదిలిపోతుంది. అందుకే లోపల, వేలెడు లోతున, అంతరిక్షపు చలి అలాగే ఉంటుంది.

కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది. రాయి మీద ఒత్తిడి పెరిగి పెళుసుగా ఉన్నచోట విరుగుతుంది. నేలకు ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి వేగమంతా ఊడిపోతుంది. దీపం ఆర్పినట్టు వెలుగు ఆగిపోతుంది. వచ్చిన రాయిలో పెద్దభాగం ఈ పాటికి పొగ, దుమ్ము అయి ఆకాశంలోనే ఉండిపోయింది.

చూసేవాళ్లు సాధారణంగా ఇక్కడే మోసపోతారు. నిప్పుబంతి పక్క ఊరి చెరువు వెనక దిగినట్టు అనిపిస్తుంది. నిజానికి అది అప్పటికి ఇరవై కిలోమీటర్ల పైనే ఆరిపోయింది. అక్కడినుంచి రాయి నల్లగా, మామూలు రాయిలాగే, గాల్లో పొర్లుతూ రెండు మూడు నిమిషాల పాటు పడుతుంది. దాన్ని ఎవరూ చూడలేరు. ఆ రెండు నిమిషాల్లోనే పైపొర చల్లబడి గాజు తొడుగులా గట్టిపడుతుంది. మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మామూలు ఉల్కాశిలల తొడుగు మసిబొగ్గులా మాసిపోయినట్టుంటే, యూక్రైట్లది నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతుంది.

ఇక నేల మీద, అలాంటి రాయి పడేచోట, మామిడి తోటలో మీరు నిలబడ్డారనుకోండి. మొదట ఏ శబ్దమూ ఉండదు. నిప్పుబంతి పోయిన నిమిషానికో రెండు నిమిషాలకో ఉరుము. మబ్బు లేని ఉరుము. ఒకటి తర్వాత ఒకటి, ఫిరంగులు పేల్చినట్టు. తర్వాత ఆకుల మీంచి సన్నటి ఈల, ఆ వెంటనే మెత్తటి దెబ్బ చప్పుడు. కిలో బరువున్న రాయి గంటకు 200 నుంచి 300 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. దున్నిన నేలైతే జానెడో మూరెడో లోతుకు దిగుతుంది. సినిమాల్లో చూపించే పొగలు కక్కే పెద్ద గొయ్యిని మర్చిపోండి. చేత్తో తీసుకుంటే గోరువెచ్చగా ఉండొచ్చు, చల్లగానూ ఉండొచ్చు. చెయ్యి మాత్రం కాలదు.

ఇప్పుడు అసలు తొందర మొదలవుతుంది. ఆకాశంలో ఉన్నంతకాలం కాస్మిక్ కిరణాలు రాయిని కొడుతూ దాని లోపల కొత్త రేడియోధార్మిక పరమాణువులను పుట్టిస్తూ వచ్చాయి. భూమి మీదికి రాగానే ఆ వంట ఆగిపోయింది, వండినవి తరగడం మొదలైంది. సోడియం-24 పదిహేను గంటల్లో సగమైపోతుంది. బెరీలియం-7 యాభై మూడు రోజుల్లో, సోడియం-22 రెండేళ్ల ఏడు నెలల్లో. రాయి ల్యాబుకు వారంలో చేరితే ఒక కథ చెబుతుంది, ఏడాదికి చేరితే సగం కథే. ఆకాశంలో ఎంత పెద్దగా ఉండేది, ఎన్నాళ్లు ఒంటరిగా తిరిగింది అన్న సంగతులు ఈ లెక్కల్లోంచే తేలుతాయి.

విస్సన్నపేట రాయిని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అంటే జీఎస్ఐ శాస్త్రవేత్తలు, అహ్మదాబాద్ ల్యాబులోని భండారి తదితరులతో కలిసి పరీక్షించారు. వాళ్ల వ్యాసం 2000లో 'మెటియొరిటిక్స్ అండ్ ప్లానెటరీ సైన్స్' పత్రికలో వచ్చింది. ఆ రకం పరీక్ష ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాల్సిందే. రాయిలోంచి పలుచటి రేకు కోసి, గాజుపలక మీద అంటించి, మిల్లీమీటరులో 33వ వంతు మందానికి అరగదీస్తారు. బండరాయి అద్దంలా పారదర్శకం అవుతుంది. మైక్రోస్కోపు కింద ధ్రువణ కాంతిలో తిప్పితే, బయట బూడిదరంగు తప్ప మరేమీ లేని రాయి లోపల పసుపు, నారింజ, నీలం పలకలు వెలిగి ఆరుతుంటాయి. పక్కన ప్లాజియోక్లేజ్ బూడిద, తెలుపు చారలు. వెస్టా లావా ఎంత నెమ్మదిగా చల్లారిందో ఆ గింజల సైజును బట్టే అంచనా కడతారు.

తెలుగు నేలకు ఇలాంటి చుట్టాలు ముందూ వచ్చారు. గుర్రంకొండ దగ్గర 1814లో, తిరుపతిలో 1934లో పడ్డాయి. 1852 జనవరి 23 సాయంత్రం నెల్లూరు ప్రాంతంలో పడిన యాటూర్ రాయి 14 కిలోలు. సరిగ్గా 18 ఏళ్ల తర్వాత అదే జనవరి 23న పార్వతీపురం వైపు నెడగొల్లలో పడింది రాయి కాదు, ఇనుపముద్ద. దాదాపు నాలుగున్నర కిలోలు. తేదీ కలవడం కాకతాళీయమే. ఆ రోజుల్లో పడిన భారతీయ శిలల ముక్కలు చాలావరకు లండన్, వియన్నా మ్యూజియాల అరల్లోకి చేరాయి. అచ్చమైన తెల్లదొరల సేకరణ మోజు అది. అయితే ఆ మోజే లేకపోతే వాటి తేదీలు కూడా మనకు మిగిలేవి కావని ఒప్పుకోవాలి.

ఇవాళ్టి సేకరణకారులదీ అదే మోజు, కాకపోతే గ్రాముల లెక్కన. చిన్న పెట్టె, లోపల గోరంత ముక్క, కింద చీటీ. పడిన చోటు, తేదీ, జాతి, మొత్తం దొరికిన బరువు. సహారా ఎడారిలో ఏరుకొచ్చి నంబరు తగిలించిన యూక్రైట్లు బజారులో బోలెడు. మనుషులు చూస్తుండగా పడి, ఊరిపేరు మోస్తున్న రాయికి విలువ వేరు. చీటీ పోతే ఆ విలువలో చాలాభాగం పోతుంది. ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఉల్కాశిల పేరుతో అమ్మేవాళ్లు అయస్కాంతం అంటించి చూపిస్తారు, అంటుకుంటే అసలుదని. ఇనుము ఎక్కువున్న మామూలు ఉల్కాశిలలకు అది సరే. యూక్రైట్‌లో లోహం దాదాపు ఉండదు, అయస్కాంతం పట్టించుకోదు. మన ఇనుప చిట్టెం రాళ్లకు మాత్రం చక్కగా అంటుకుంటుంది. ఆ పరీక్ష ఒక్కటే నమ్ముకుంటే చిట్టెం ఇంటికి తెచ్చుకుని, వెస్టాను చేలో వదిలేసి వస్తారు.

మన దేశంలో పడిన ఉల్కాశిలలకు జాతీయ సంరక్షకురాలు జీఎస్ఐ. కోల్‌కతాలో వాటి భాండాగారం ఉంది. కనుక చేలో దొరికింది కదా అని అమ్ముకోవడం, ముక్కలు చేసి పంచుకోవడం కుదరదు. ఇది రైతుకు కష్టంగా తోస్తుందని నాకు తెలుసు. నా చేలో పడినదాన్ని సర్కారు పట్టుకుపోతే నాకేమిటని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కనీసం చూసినవాడి పేరు, చేను, తేదీ రాతలో నిలవాలి. యార్డులో తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, చేతికి రాకుండా సరుకు వదలం కదా, రాయి అప్పగించినప్పుడూ సంతకంతో కూడిన కాగితం అడిగి తీసుకోండి.

మీ చేలోనో, వాకిట్లోనో అలాంటిది పడితే పసుపు, కుంకుమ పెట్టకండి, కడగకండి, పగలగొట్టి చూడకండి. పడిన గుంటను ఫొటో తీయండి, టైము రాసుకోండి. రాయిని శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలోనో అల్యూమినియం రేకులోనో చుట్టి, చెమ్మ తగలని చోట పెట్టండి. తహసీల్దారుకో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అదే రోజు చెప్పండి. జీఎస్ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది, వరంగల్ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు. సోడియం-24కు పదిహేను గంటలే గడువు.